ఒక్క చైన్‌వీల్ చాలిన నేల: కొల్లేటి పరిసరాల్లో రోడ్‌స్టర్ సైకిలు, ముందు డిరెయిలర్ రాని చరిత్ర

వ్యాససంగ్రహం

ముందు డిరెయిలర్ యూరపు పందెపు సైకిళ్ళలో ఇరవయ్యో శతాబ్ది మధ్యకాలానికి స్థిరపడింది. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేటి లంక గ్రామాల్లో అదే కాలంలో వ్యాపించిన సైకిలు మాత్రం ఒకే చైన్‌వీల్‌తో, ఒకే ఫ్రీవీల్‌తో నడిచింది. దీన్ని వెనుకబాటుగా లెక్కగట్టే ధోరణిని ఈ వ్యాసం ప్రశ్నిస్తుంది. పల్లపు భూమి స్వభావం, రోడ్‌స్టర్ చట్రం కొలతలు, విడిభాగాల మార్పిడి అనే మూడు ఆధారాలతో చర్చ సాగుతుంది. ఆ ఒక్క చక్రానికి మనిషి కాళ్ళు చెల్లించిన మూల్యం కూడా పరిశీలనలోకి వస్తుంది.

కీలకపదాలు: రోడ్‌స్టర్ సైకిలు, చైన్‌వీల్, డిరెయిలర్, కొల్లేరు, పల్లం, మెట్ట, సాంకేతిక చరిత్ర.

ప్రస్తావన

కొల్లేటి సరస్సు విస్తీర్ణాన్ని సముద్రమట్టం నుండి ఇన్ని అడుగుల ఎత్తు అన్న కాంటూరు రేఖలతో చెప్పడం అధికార పత్రాల్లో రివాజు. 5 అడుగుల కాంటూరు వరకు లెక్కిస్తే సరస్సు వైశాల్యం 308 చదరపు కిలోమీటర్లు. 1999లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించినది ఈ భాగాన్నే. 10 అడుగుల కాంటూరు వరకు లెక్కిస్తే అదే సరస్సు 901 చదరపు కిలోమీటర్లకు విస్తరిస్తుంది. మనిషి ఎత్తుకు మించని ఐదు అడుగుల తేడాలో దాదాపు ఆరువందల చదరపు కిలోమీటర్ల నేల ఇమిడి ఉంది. పర్యావరణ చర్చల్లో తరచుగా వినిపించే ఈ రెండు అంకెలు సైకిలు చరిత్ర రాసేవారికి కూడా ముఖ్యమైనవే. ఎక్కడానికి గుట్ట లేని నేలపై గేరు మార్చవలసిన అవసరం ఎక్కడ నుండి పుడుతుందన్న ప్రశ్నను అవి ముందుకు తెస్తాయి.

సైకిలు చరిత్రను సాధారణంగా నూతన ఆవిష్కరణల వరుసగా రాస్తారు. ఆ వరుసలో డిరెయిలర్ ఒక మైలురాయి. అది లేని సైకిలు, అది లేని సమాజం ఆ రాయికి ఇవతల ఆగిపోయినట్లు కనిపిస్తాయి. వాడకాన్ని విడిచి ఆవిష్కరణనే చరిత్రగా భావించడం పొరపాటని డేవిడ్ ఎడ్జర్టన్ వాదించాడు. సైకిలు, కుట్టుమిషను, టైపురైటరు, బియ్యపు మిల్లు వంటి చిన్న యంత్రాలు భారతీయ జీవనంలో ఎలా ఒదిగాయో డేవిడ్ ఆర్నాల్డ్ 2013లో ప్రచురించిన గ్రంథంలో వివరించాడు. వీరి దృష్టిని చైన్‌వీల్ పళ్ళ దాకా, కాటర్ పిన్ను దాకా తీసుకువెళ్తే పల్లపు ప్రాంతపు సైకిలు మరొక కథ చెబుతుంది.

డిరెయిలర్ పుట్టిన చోటు

డిరెయిలర్ కొండదారుల్లో పుట్టింది. ఫ్రాన్సులోని సెంటెటియెన్ పట్టణవాసి పాల్ ద వివీ (1853–1930) తన పత్రిక ద్వారా బహుళ గేర్ల కోసం దశాబ్దాలపాటు ప్రచారం చేశాడు. ఆ పట్టణం చుట్టూ ఉన్నవి కనుమదారులే. అయినా టూర్ ద ఫ్రాన్స్ పందెం నిర్వాహకుడు ఆన్రీ దెగ్రాంజ్ గేర్ల వాడకాన్ని చాలాకాలం అంగీకరించలేదు. కండబలంతో గెలవవలసిన పోటీలో అవి వయసు మీరినవారికి తగిన సదుపాయమని ఆయన అభిప్రాయం. ఆ పందెంలో డిరెయిలర్‌కు అనుమతి లభించింది 1937లో మాత్రమే. అప్పటివరకు ఆల్ప్స్ పర్వతాలను దాటిన పోటీదారులు కూడా కొండ మొదట్లో దిగి, రెండు వైపులా వేర్వేరు పళ్ళ చక్రాలున్న వెనుక చక్రాన్ని ఊడదీసి, తిప్పి బిగించుకొనేవారు. ఏలూరు కాలువ గట్టుపై ఒకే గేరుతో వెళ్ళిన సైకిలును వెనుకబడినదిగా లెక్కించేవారు ఈ తేదీని గుర్తుంచుకోవలసి ఉంది.

వెనుక డిరెయిలర్ తర్వాత ముందు డిరెయిలర్ వచ్చింది. పెడళ్ళ వద్ద రెండు చైన్‌వీళ్ళు ఉన్నపుడు గొలుసును ఒకదాని నుండి మరొకదానికి నెట్టే పంజరం వంటి పరికరమిది. తొలినాటి నమూనాల్లో సీటు కిందుగా ఉన్న కడ్డీని తొక్కేవాడు వంగి చేత్తో తిప్పవలసి వచ్చేది. తీగతో లాగే పద్ధతి 1950లలో కంపాన్యోలో వంటి ఇటలీ సంస్థల ద్వారా స్థిరపడింది. దానితోపాటే ఏ పరికరం ఏ చట్రానికి సరిపోతుందన్న చిక్కు కూడా మొదలైంది.

ముందు డిరెయిలర్‌ను సీటు గొట్టానికి పట్టీతో బిగిస్తారు. బ్రిటిష్, ఇటాలియన్ చట్రాల సీటు గొట్టం వెలుపలి వ్యాసం సాధారణంగా 28.6 మిల్లీమీటర్లు, ఫ్రెంచి చట్రాలది 28. అర మిల్లీమీటరు పైచిలుకు తేడాకే పట్టీ జారుతుంది. పంజరం అడుగు అంచు పెద్ద చైన్‌వీల్ పళ్ళకు ఒకటి నుండి మూడు మిల్లీమీటర్ల ఎడంలో ఉండాలి, దాని వంపు ఆ చక్రపు వంపుతో కలవాలి. 52 పళ్ళ చక్రానికి రూపొందించిన పంజరాన్ని 44 పళ్ళ చక్రంపై దించితే తోక భాగం చక్రానికి దూరంగా నిలుస్తుంది, గొలుసు నడుమ చిక్కుతుంది. చైన్‌వీల్‌ను క్రాంకు చేతులకు బిగించే బోల్టుల వలయం కూడా స్థిరంగా లేదు. కంపాన్యోలో 1960ల మధ్యవరకు 151 మిల్లీమీటర్ల వలయాన్ని, ఆ తర్వాత 144 మిల్లీమీటర్లదాన్ని వాడింది. మొదటిదానిపై 44 పళ్ళకన్నా చిన్న చక్రం పట్టదు. ఒకే సంస్థ ఒకే దశాబ్దంలో చేసిన మార్పు వల్ల పాత క్రాంకు ఉన్నవాడికి కొత్త చక్రం పనికిరాకుండా పోయింది.

రోడ్‌స్టర్ చట్రం

పల్లానికి చేరిన సైకిలు పందెపు సైకిలు కాదు, బ్రిటిష్ రోడ్‌స్టర్. ఇరవయ్యో శతాబ్ది తొలి దశాబ్దాల్లో రాలీ, హెర్క్యులీస్, బి.ఎస్.ఎ., హంబర్, ఫిలిప్స్ పేర్లతో ఇంగ్లండు నుండి, 1930లలో కొంత చవకగా జపాను నుండి సైకిళ్ళు భారతదేశానికి దిగుమతి అయ్యాయి. స్వాతంత్ర్యం వచ్చాక దిగుమతులపై ఆంక్షలు పెరిగి దేశీయ కర్మాగారాలు నిలదొక్కుకున్నాయి. మద్రాసు శివారు అంబత్తూరులో మురుగప్ప కుటుంబం ఇంగ్లండు ట్యూబ్ ఇన్వెస్ట్‌మెంట్స్ సంస్థతో కలిసి 1949లో టి.ఐ. సైకిల్స్‌ను నెలకొల్పింది. ఆసన్‌సోల్‌లో సేన్-రాలీ, సోనీపత్‌లో అట్లాస్, లూథియానాలో ఏవన్, 1956లో హీరో వచ్చాయి. 1893లో బెజవాడ నుండి తూర్పు తీరం వెంట వేసిన రైలుమార్గం ఏలూరు, తాడేపల్లిగూడెం మీదుగానే సాగుతుంది. మద్రాసు సరుకుకూ ఉత్తరాది సరుకుకూ ఈ పట్టణాలు ఒకే దారిలో ఉన్నాయి.

రోడ్‌స్టర్ లక్షణాలు సుపరిచితమే: 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, గొలుసుపై రేకు కవరు, వెనుక దృఢమైన క్యారేజి, వాలుగా ఉన్న సీటు గొట్టం. చైన్‌వీల్‌కు సాధారణంగా 48 లేదా 44 పళ్ళు, ఫ్రీవీల్‌కు 18. చక్రం చుట్టుకొలత సుమారు 2.2 మీటర్లు కాబట్టి 48 పళ్ళ సైకిలు పెడలు ఒక చుట్టు తిరిగితే ఆరు మీటర్లకు కాస్త తక్కువగా, 44 పళ్ళది అయిదున్నర మీటర్ల దాకా కదులుతుంది. నిమిషానికి 45 చుట్లు తొక్కడం ఎవరికీ పెద్ద శ్రమ కాదు. ఆ లెక్కన గంటకు దాదాపు 15 కిలోమీటర్లు. ఏలూరు నుండి తాడేపల్లిగూడెం వరకు ఉన్న సుమారు యాభై కిలోమీటర్ల దూరం మూడున్నర గంటల పని.

ఈ చట్రం రెండో చైన్‌వీల్‌ను ఎందుకు ఒప్పుకోదన్నది వట్టి సాంకేతిక ప్రశ్న కాదు, దానిలోనే చరిత్ర ఉంది. రోడ్‌స్టర్‌లో చైన్‌వీల్, కుడి క్రాంకు విడదీయరాని జంట. బోల్టులు లేవు కనుక చక్రం ఒక్కదాన్ని మార్చడం కుదరదు. క్రాంకును ఇరుసుకు బిగించేది 9.5 మిల్లీమీటర్ల కాటర్ పిన్ను. బి.బి. ఇరుసు పొడవును ఒకే చక్రానికి లెక్కకట్టి నిర్ణయించారు. లోపలివైపు మరొక చక్రం చేర్చితే అది వెనుక గొట్టానికి రాసుకుంటుంది. రోడ్‌స్టర్ గొలుసు లోపలి వెడల్పు అంగుళంలో ఎనిమిదో వంతు, డిరెయిలర్ గొలుసుది అంగుళంలో 32వ వంతులు మూడు. గొలుసు లింకుల నడుమ దూరం రెంటికీ అర అంగుళమే కావడంతో పైపైన చూసేవారికి రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ వెడల్పు గొలుసు పంజరంలో ఇరుకుతుంది. వెనుక ఫోర్కు ఎడం దాదాపు 110 మిల్లీమీటర్లు ఉంటే, అయిదు చక్రాల ఫ్రీవీల్ ఉన్న హబ్బుకు 120 మిల్లీమీటర్లు కావాలి. సీటు గొట్టం వ్యాసం కలిసినా దాని వాలు పందెపు చట్రానికి భిన్నం కావడంతో పంజరం తోక సరైన కోణంలో నిలవదు. పట్టీ బిగించవలసిన చోటికి సమీపంలోనే వెనుక కడ్డీ బ్రేకు లంకెలు, రేకు కవరు ఉంటాయి. ఒక్కొక్కదానికీ పరిష్కారం ఉంది. అన్నిటినీ కలిపి పరిష్కరిస్తే మిగిలేది రోడ్‌స్టర్ కాదు.

ఇక్కడ ఒక విశేషం పేర్కొనదగినది. ఫ్రీవీల్ మరల కొలత మాత్రం రెండు లోకాలకూ ఉమ్మడిదే: 1.37 అంగుళాల వ్యాసం, అంగుళానికి 24 మరలు. ఊరి సైకిలు షాపులోని హబ్బుపై బహుళ చక్రాల ఫ్రీవీల్ మరలు తిరుగుతాయి. అడ్డుపడేది మర కాదు, చోటు.

షాపులో పొందిక

పల్లపు షాపుల్లో పొందిక అన్న మాటకు వేరే అర్థం ఏర్పడింది. పందెపు సైకిలు లోకంలో ప్రశ్న ఈ కొత్త పరికరం నా పాత చట్రానికి సరిపోతుందా అన్నది. ఏలూరులోనో ఆకివీడులోనో ఎదురయ్యే ప్రశ్న వేరు: విరిగిన భాగం స్థానంలో ఏ కంపెనీదైనా సరే, ఇవాళే దొరికేది పడుతుందా? రోడ్‌స్టర్ విజయం ఈ రెండో ప్రశ్నకు ఔనని చెప్పగలగడంలో ఉంది. హెర్క్యులీస్ చట్రంపై లూథియానా క్రాంకు, అట్లాస్ హబ్బులో మరొక కంపెనీ ఇరుసు ఇమిడిపోవడం సాధ్యమైంది. సైకిలు భాగాలకు భారతీయ ప్రమాణాల సంస్థ నిర్దేశించిన కొలతలు బ్రిటిష్ రోడ్‌స్టర్ కొలతలనే స్థిరపరచడం దీనికి తోడ్పడింది.

మినహాయింపులు లేకపోలేదు. నాటింగ్‌హామ్ రాలీ తన బి.బి. కప్పులకు అంగుళానికి 24 మరలు కాక 26 మరలు పెట్టుకుంది. అసలు రాలీ చట్రంలో మామూలు కప్పు ఎక్కిస్తే మర చెడుతుంది. ఈ తేడాను చేతివేళ్ళతో మొదటి రెండు చుట్లలోనే పసిగట్టగలగడం నేర్పు గల పనివాడి లక్షణం. కాటర్ పిన్ను సంగతీ అంతే. వాలు తలాన్ని ఆకురాయితో సరైన కోణంలో అరగదీయకపోతే రెండు పెడళ్ళూ ఒకే సరళరేఖలో నిలవవు, నాలుగు రోజుల్లో క్రాంకు లొడలొడలాడుతుంది. ఈ విద్యకు పుస్తకం లేదు. షాపులో చేరిన పిల్లవాడు పంక్చరు వేయడంతో మొదలై, చక్రానికి పుల్లలు అల్లి సొట్ట తీయడం, ఓవరాయిల్ చేయడం వరకు చూసి నేర్చుకొనేది.

రాలీ చైన్‌వీల్ నడుమ కొంగ తలల ఆకృతి కోసి ఉంటుంది, హంబర్ చైన్‌వీల్‌లో పరుగెత్తే మనుషుల బొమ్మలుంటాయి. రేకు కవరు పూర్తిగా కప్పని సైకిళ్ళలో చైన్‌వీల్ కంపెనీ గుర్తుగా, యజమాని హోదాగా కూడా పనిచేసింది. కొంగలకు పేరుపడిన సరస్సు చెంతకు నాటింగ్‌హామ్ కొంగ వచ్చి చేరడం కేవలం కాకతాళీయమే అయినా, చూడముచ్చటైన కాకతాళీయం.

సైకిలు కొంతకాలం ప్రభుత్వ దృష్టిలోనూ విలువైన ఆస్తి. మద్రాసు రాష్ట్రకాలం నుండి పురపాలక సంఘాలు సైకిళ్ళపై పన్ను వసూలు చేసి, కట్టినట్లు గుర్తుగా లోహపు బిళ్ళ ఇచ్చేవి. కొనలేనివారికి గంటల లెక్కన అద్దె సైకిళ్ళు దొరికేవి. అద్దె సైకిలును రోజూ పదిమంది తొక్కుతారు. ఎవరి చేతిలోనైనా పాడుకాని, పాడైనా గంటలో బాగుపడే యంత్రమే అద్దెకు తగినది. సున్నితమైన తీగ లాగుడుతో నడిచే ముందు డిరెయిలర్ ఆ వ్యాపారంలో ఒక వారమైనా నిలిచేదా అన్నది అనుమానమే.

నీరు, బంకమన్ను, బరువు

కొల్లేటి లంక గ్రామాల్లో సైకిలు దోనెకు తోబుట్టువు. నీరు నిండిన కాలంలో తాటిదోనె, నీరు తీసిన తర్వాత గట్టుపై సైకిలు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు తెచ్చే వరదనీరు ఉప్పుటేరు ద్వారా సముద్రానికి చేరేదాకా దారులు నానుతూనే ఉంటాయి. బంకమన్ను తడిసిందంటే మడ్‌గార్డుకూ టైరుకూ మధ్య ముద్దగా పేరుకుంటుంది. గొలుసు నిండా మన్ను, ఉప్పుతేమ పట్టే చోట రేకు కవరు అలంకారం కాదు. ముందు డిరెయిలర్ ఉండాలంటే ఆ పూర్తి కవరు తీసివేయాలి. పల్లపు వాడకంలో గొలుసు ఆయుష్షును కాపాడే భాగాన్నే డిరెయిలర్ బలి కోరుతుందన్న మాట.

1970ల మధ్య నుండి సరస్సులో సహకార సంఘాల చేపల చెరువులు, ఆ వెనుక ప్రైవేటు చెరువులు పెరిగాయి. చెరువు గట్లు సైకిలుకు కొత్త దారులయ్యాయి. ఐసులో సర్దిన బొచ్చె, శీలావతి లారీలపై కలకత్తా వైపు వెళ్తే, చుట్టుపక్కల ఊళ్ళ గడపలకు కొర్రమీను, జెల్ల, ఇంగిలాయి చేర్చే చిల్లర వ్యాపారం క్యారేజిపై కట్టిన గిన్నెలదీ తట్టలదీ అయింది. అంతకుముందు కావిడి మోసిన భుజానికి ఇది పెద్ద ఊరట. 2006లో ఆపరేషన్ కొల్లేరు పేరిట అభయారణ్యంలోని చెరువు గట్లను ధ్వంసం చేసినపుడు చెరువులతోపాటు ఆ దారులూ తెగిపోయాయి. ఈ సంగతి పర్యావరణ వాదోపవాదాల్లో పెద్దగా లెక్కకు రాలేదు.

మెట్ట మొదలయ్యే చోట

ఇంతవరకు చేసిన వాదానికి హద్దు ఉంది. ఆ హద్దు తాడేపల్లిగూడెం ఉత్తరాన కంటికి కనబడుతుంది. పెంటపాడు వైపు పల్లం, నల్లజర్ల వైపు మెట్ట. ద్వారకా తిరుమల, జంగారెడ్డిగూడెం దిశగా నేల ఎగుడుదిగుడవుతుంది. అక్కడ ఒక్క చైన్‌వీల్ చాలదు.

లెక్క వేసి చూడవచ్చు. మనిషి బరువు 60 కిలోలు, సైకిలు 20, క్యారేజిపై సరుకు 40 అనుకుంటే మొత్తం 120 కిలోలు. సమతలంపై గంటకు 15 కిలోమీటర్ల వేగానికి 44/18 గేరులో పెడలుపై సగటున పది కిలోల బరువంత ఒత్తిడి చాలు. ఇరవై అడుగులకు ఒక అడుగు లేచే ఎగువలో అదే గేరుకు సుమారు నలభై కిలోల ఒత్తిడి ఎడతెగకుండా కావాలి. అది ఎక్కువసేపు సాధ్యం కాదు. మెట్ట దారుల్లో సరుకు సైకిళ్ళను దిగి నెట్టడం సోమరితనం వల్ల కాదు, ఈ లెక్క వల్ల.

అప్పుడు ముందు డిరెయిలర్ ఆదుకొనేదా? 1950–60ల నాటి రెండు చైన్‌వీళ్ళ జత సాధారణంగా 52, 42 వంటిది. పెద్దదాని నుండి చిన్నదానికి మారితే ఒత్తిడి అయిదో వంతు తగ్గుతుంది. నలభై కిలోలు ముప్పై రెండవుతాయి. చేపల తట్ట కట్టుకున్నవాడు అప్పుడూ దిగి నెట్టవలసినవాడే. ఎగువలో అతనికి నిజంగా ఉపకరించేది వెనుక పెద్ద పళ్ళ ఫ్రీవీల్. 18కి బదులు 22 పళ్ళది వేస్తే పైన చెప్పినంత లాభం, చట్రంలో మరే భాగాన్నీ కదపకుండా, దాదాపుగా సమకూరుతుంది. ధర రీత్యా చూసినా అదే సులువు. అయితే అందుకు ప్రతిఫలంగా పల్లంలో వేగం తగ్గుతుంది. ఒకే గేరుతో బతకడమంటే ఏదో ఒక నేలను ఎంచుకోవడమే.

దీన్ని పూర్తిగా స్వేచ్ఛతో చేసిన ఎంపికగా చిత్రించడం కూడా సరికాదు. దిగుమతి ఆంక్షల కాలంలో డిరెయిలర్ కోరుకున్నవాడికీ దొరికే వీలు తక్కువ. చక్రం నడిబొడ్డులోనే మూడు గేర్లను దాచుకొనే స్టర్మీ-ఆర్చర్ హబ్బు రోడ్‌స్టర్ చట్రానికి సహజంగా ఇమిడేది, రేకు కవరును తీయనక్కర లేనిది. సమతలపు గేరును మూలంగా తీసుకుంటే ఎగువ గేరు నాలుగో వంతు తేలిక చేస్తుంది. పై లెక్కలో నలభై కిలోలు ముప్పై అవుతాయి. మెట్టకు ముందు డిరెయిలర్ కన్నా ఇది మేలైన జవాబు. అయినా ఆ ప్రాంతపు రోడ్లపై సరుకు సైకిలుకు ఇది మామూలు భాగంగా మారలేదు. ధర, విడిభాగాల కొరత, విప్పి బిగించే పనివాడి అలవాటు అన్నీ కలిసి ఒక్క చక్రాన్నే నిలబెట్టాయి. దాని మూల్యం కాళ్ళు చెల్లించాయి.

నేటి పునరుద్ధరణ

1990ల నుండి గేర్ల సైకిళ్ళు పట్టణ దుకాణాల్లో మామూలయ్యాయి. సరుకు మోసే పని మోపెడ్లకూ మోటారు సైకిళ్ళకూ మళ్ళింది. అయినా ప్రభుత్వం ‘బడికొస్తా’ పథకం కింద ఉన్నత పాఠశాల బాలికలకు ఇచ్చిన సైకిళ్ళు ఒకే చైన్‌వీల్‌వే. పల్లపు దారులకు ఆ నిర్ణయంలో తప్పు లేదు. మెట్ట ప్రాంతపు బాలిక విషయంలో ఈ వ్యాసంలోని లెక్కను మళ్ళీ వేయవలసి ఉంటుంది.

పాత రోడ్‌స్టర్లను సేకరించి బాగుచేసుకొనే అభిరుచి ఇటీవల పెరుగుతోంది. వెనుక ఫోర్కును సాగదీసి, కాటర్ ఇరుసును తీసివేసి, రేకు కవరును పారవేసి, సీటు గొట్టానికి డిరెయిలర్ పట్టీ బిగించే ప్రయోగాలు ఆ అభిరుచిలో ఒక పాయ. సాంకేతికంగా అవి అసాధ్యం కావు. ఇత్తడి అతుకుల ఉక్కు గొట్టాలు పది మిల్లీమీటర్ల సాగుడును భరించగలవు. కానీ ఒకసారి సాగిన ఫోర్కుకు పాత హబ్బు మళ్ళీ పట్టదు, ఏ కంపెనీ భాగమైనా ఇమిడే గుణం ఆ చట్రానికి పోతుంది. గేర్లు కావలసినవాడికి చట్రాన్ని తాకని మార్గం ఫ్రీవీల్ పళ్ళు మార్చుకోవడం, లేదా హబ్బు గేరు వేసుకోవడం. రేకు కవరు కింద నలభై ఏళ్ళు నూనె తాగిన 44 పళ్ళ చైన్‌వీల్ పళ్ళ కొనలు గొలుసు లాగే దిక్కుకు వంగి, అరిగి ఉంటాయి. ఆ అరుగుదల ఎంత బరువు, ఎంత దూరం మోసిందో చెప్పే లిఖితం కాని పత్రం. పునరుద్ధరణ చేసేవారు మొదట తీసి పాత ఇనుముకు వేసేది సాధారణంగా ఆ చక్రాన్నే.